300 గంటల హిసాబ్

పలమనేరులో బెంగళూరు రోడ్డు మీద ఒక ఆఫీసు బిల్డింగు లేస్తోంది. గ్రీన్ సర్టిఫికెట్ కోసం తయారైన ఎనర్జీ మోడల్ రిపోర్టును నా దోస్తు ఒకడు చూపించాడు. మొదటి రన్‌లో అన్‌మెట్ లోడ్ అవర్స్ 412. రెండో రన్‌లో 280. హద్దు 300 కాబట్టి పాస్. మాలిక్ ఖుష్, కన్సల్టెంట్ ఖుష్.

మధ్యలో ఏం మారింది భాయ్? గోడ మారలేదు, అద్దం మారలేదు, ఏసీ మిషన్ మారలేదు. పై అంతస్తులో పడమటి గది పేరు మారింది. డేటా ఎంట్రీ ఆడపిల్లలు కూర్చోబోయే గది కాగితం మీద 'స్టోర్' అయిపోయింది. స్టోర్‌కు ఏసీ లేదు, ఏసీ లేనిచోట అన్‌మెట్ అవర్ లెక్కకే రాదు. దీన్ని హిసాబ్ అనరు, దగా అంటారు.

తెలియనివారి కోసం చెబుతున్నా. సంవత్సరానికి 8760 గంటలు. ఏసీ నడవాల్సిన వేళ ఏ ఒక్క గదైనా థర్మోస్టాట్ హద్దు దాటితే ఆ గంట అన్‌మెట్. యాష్రే 90.1 అపెండిక్స్ జి ప్రకారం కట్టబోయే బిల్డింగుకైనా, పోలికకు పెట్టే బేస్‌లైన్‌కైనా ఇవి 300 మించకూడదు. ఎందుకీ లగాం? చిన్న మిషన్ తక్కువ కరెంటు తాగుతుంది. దావత్‌కు పిలిచి సగంమందికి బిర్యానీ వడ్డించకుండా, ఖర్చు తగ్గిందని మీసం తిప్పే మాలిక్‌లుంటారు కనుక.

ఇంకో తమాషా, ఆ మోడల్‌లో పెట్టిన వాతావరణం చెన్నైది! మొగిలి ఘాట్ ఎక్కి వచ్చిన లారీ డ్రైవర్‌నడిగినా ఫరక్ చెబుతాడు. సముద్రపు ఉక్కను మన ఊరి నెత్తిన పెట్టి, దానివల్ల పెరిగిన గంటలను మళ్లీ పేరు మార్చి దాచడం!

నిజాయితీ దారి కష్టమేం కాదు. ఏ గది, ఏ నెల, ఎన్ని గంటలకు అని రిపోర్టులోనే చూడాలి. పొద్దున ఆఫీసు తెరవగానే ఐతే మిషన్‌ను గంట ముందు ఆన్ చేయాలి. సాయంత్రం పడమటి గదిలో ఐతే అద్దానికి నీడ, కప్పుకు ఇన్సులేషన్, ఆ గదికి గాలి ఎక్కువ. దాంతో పాయింట్లు తగ్గొచ్చు. తగ్గనీ.

"అందరూ ఇట్లే చేస్తారు సార్" అన్నాడట కన్సల్టెంట్.

ఆ గదికి ఏసీ బిగిస్తున్నారా అని దోస్తునడిగాను. "ప్లాన్‌లో స్టోర్ కదా భాయ్, టెండర్‌లో రాలేదు" అన్నాడు. 14 కుర్చీలు మాత్రం వచ్చాయట.