విద్యార్థుల పత్రికలు

మన కళాశాలలు ఏటేట వెలువరించు సంచికల నెరుగని పాఠకులుండరు. మొదట ప్రిన్సిపాలుగారి ఛాయాపటము, పిమ్మట పెద్దల శుభాకాంక్షలు, ఆపైని ఆటలలో గెలిచినవారి పట్టిక. నగరి, పుత్తూరు, ఏకాంబరకుప్పముల మరమగ్గపు టిండ్ల పిల్లవాడు రాత్రియెల్ల మగ్గముల చప్పుడులో నిద్రించి లేచి, ఆ సంచికకు వసంతశోభను గూర్చి వ్యాసము వ్రాయును. తన తండ్రికి మీటరుకు దక్కు కూలి యెంతయో, అద్దకపు రంగునీరు ఏ కాలువలో కలియుచున్నదో వ్రాయడు. వ్రాయనేరక కాదు, వ్రాసినను అచ్చుపడదని యాతడెరుగును.

విద్యార్థికి లోకవ్యవహారములతో పనియేమని కొందరు పెద్దల యాక్షేపణ. ఉదయమున కాఫీతోపాటు వారు చేతబట్టు ‘హిందూ’ పత్రిక యెట్లు పుట్టినదో వారికి జ్ఞాపకము చేయవలసియున్నది. 1878లో టి. ముత్తుస్వామి అయ్యరు చెన్నపురి హైకోర్టు న్యాయమూర్తిగా నియుక్తుడైనప్పుడు ఆంగ్లేయుల పత్రికలు ఆ నియామకమును తప్పుపట్టినవి. వానికి బదులు చెప్పుటకు ఆరుగురు యువకులు పూనుకొనిరి. ఇరువురుపాధ్యాయులు, తక్కిన నలువురు న్యాయశాస్త్ర విద్యార్థులు. అప్పు తెచ్చిన ఒక రూపాయి పండ్రెండణాలతో సెప్టెంబరు 20వ తేదీన 80 ప్రతులచ్చొత్తించిరి. ఆ విద్యార్థులలో నొకరు, తరువాత రాజమహేంద్రవరమున వాసికెక్కిన మన న్యాపతి సుబ్బారావు పంతులుగారు. పరీక్షలైన పిమ్మట చూతమని వారూరకుండినచో, ఆ వాదమున ఆంగ్లేయుల పలుకే చెల్లియుండెడిది.

అంత దూరము పోనక్కరయు లేదు. 2001లో మన చిత్తూరు జిల్లాలోనే ‘నవోదయము’ పుట్టినది. పొదుపు సంఘములలోని పల్లె స్త్రీలు దానికి విలేఖరులైరి. వారిలో దళితులు పెక్కుమంది. కళాశాల మెట్లెక్కినవారు కాకున్నను వార్తాలేఖనమున వారును విద్యార్థులే. బాల్యవివాహము మొదలుగా తమ యూళ్ల కష్టములను తమ పలుకుబడిలోనే వ్రాసిరి. గ్రాంథికము వ్రాయు మావంటివారికి ఇది కొంత యిబ్బంది గలిగించు మాటయే, కానిండు.

వృత్తి విలేఖరికి యజమానియో సంఘమో అండయుండును. విద్యార్థి కదియు లేదు. వసతిగృహములో పిల్లలకు పెట్టు అన్నమును గూర్చి యెవరిని ప్రశ్నింపవలెనో, వారి చేతిలోనే వాని మార్కులును, హాలు టిక్కెట్టును, నడవడి పత్రమును ఉన్నవి. ముందుగా మాకు చూపి పిమ్మట అచ్చువేయుడను నిబంధన ఇట్టిచోట సలహా కాదు, సంకెల. కళాశాలాధికారులు దీనిని రద్దుచేయవలెనని మా దృఢాభిప్రాయము.

అట్లని విద్యార్థులు వ్రాయునదెల్ల వార్తయని మేమనము. విశేషణములు మెండు, విచారణ కొంచెము. చరవాణితో నొక దృశ్యము తీసి యూరంతటికి పంపుట వార్తాలేఖనము కానేరదు. కూలివాని మాట విన్నవాడు మగ్గము యజమాని కడకును పోవలెను. నూలు ధర, విద్యుత్తు బిల్లు అడుగవలెను. పని పోవునని భయపడు కూలివాని పేరు దాచవలెను. కాగితములు కావలెనన్నచో 2005 నాటి సమాచారహక్కు చట్టము గలదు. మన రాష్ట్ర నిబంధనల ప్రకారము గ్రామస్థాయిలో రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, పైని 10 రూపాయలు. ముప్పది దినములలో అధికారి జవాబీయవలెను. మండల కార్యాలయమున నొక్క అర్జీ వేసి తెచ్చిన జవాబు, పది పుటల ఆవేశముకంటె అధికారుల నెక్కువ కలవరపెట్టును.

పఠనమందిరముల కార్యదర్శులకు మా మనవి యొకటి. విద్యార్థులు పత్రిక తెచ్చినచో, అది చేవ్రాత ప్రతియైనను, బల్లపై దినపత్రికల సరసన చోటొసగి, సంవత్సరపు చందా ముందుగానే చెల్లింపుడు. కాగితపు కొట్టువాడు విద్యార్థులకు అరువీయడు.