పైపులైను మార్గము – పాటిదిబ్బల పరిశీలనము

ఆనకట్ట కట్టునపుడు మునిగెడి నేల యేదియో ముందే తెలియును. కావుననే నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వఱకు త్రవ్వకములు జరిగి, కొన్ని నిర్మాణములు కొండపైకిని అనుపునకును తరలింపబడినవి. పైపులైను విషయము వేఱు. అది సన్నని గీత, కాని సుదీర్ఘము. 2009లో పనిచేయ నారంభించిన కాకినాడ–భరూచి వాయువాహిక పొడవు సుమారు 1,400 కిలోమీటర్లు. అట్టి గీత యెన్ని పొలిమేరలను దాటునో ఊహింపవచ్చును.

1962 నాటి పైపులైనుల చట్టము ననుసరించి భూమి రైతుదిగనే యుండును. దానిక్రింద గొట్టము వేయు హక్కు మాత్రము ప్రభుత్వము గ్రహించును. నివాసభూమికిని, శాశ్వతనిర్మాణమున్న భూమికిని మినహాయింపు కలదు. ప్రకటన వెలువడిన 21 దినములలో ఆక్షేపణ తెలుపవలెను. అదియు ఆ భూమిలో హక్కు కలవారే. 1958 నాటి పురావస్తు చట్టమునకు 2010లో జరిగిన సవరణ రక్షితకట్టడముల చుట్టును 100 మీటర్లను నిషిద్ధప్రదేశ మొనర్చినది. కాని పట్టికకెక్కని పాటిదిబ్బ, చేనిగట్టున నొఱగిన వీరగల్లు, నాగటికి తగులు రాగిరేకు ఈ రెండు చట్టముల నడుమ జాఱిపోవుచున్నవి. వాని పక్షమున ఆక్షేపణ తెలుపువా రెవ్వరు?

వాయువు ప్రజలకు కావలసినదే. పరిశీలనము పనికి విఘ్నమను వాదము మాత్రము నిలువదు. ఆనకట్టను జరుపుట దుష్కరము. పైపులైనును కాగితముపై నున్నపుడు నూఱు గజములు ప్రక్కకు త్రిప్పుట సుకరము. బాకూనుండి టర్కీలోని జెయ్‌హాన్ వఱకు 1,768 కిలోమీటర్ల చమురు పైపులైను వేసినపుడు మూడు దేశములలో పురావస్తుపరిశీలనమును త్రవ్వకములును జరిగి, ఫలితములు గ్రంథరూపమున వెలువడినవి. చమురును ప్రవహించినది.

ఇచ్చట ఆ పరిశీలనము చేయవలసినవారెవరు? యంత్రము నేలను కొలుచును, లిపిని చదువజాలదు. తూర్పుచాళుక్యుల తామ్రశాసనములలో దానవృత్తాంతము సంస్కృతమున నుండ, పొలముల యెల్లలు తఱచుగా తెలుగు పదములతో చెప్పబడినవి. చెఱువు, పుట్ట, చింత, బాట అను నా గుఱుతులను నేటి పొలముల పేర్లతో పోల్చుటకు ఉభయభాషాజ్ఞానము వలయును. ఆ జ్ఞానము ప్రాచ్యకళాశాలలలో కలదు. శాసనపాఠమును పరిష్కరించి ప్రకటించుటతో పండితుని పని ముగిసినదను భావము వలననే ఆ యెల్లల వెంట నడచినవారు అరుదైరి.

కావున చేయవలసినవి మూడు. మార్గపరిశీలనము ప్రకటనకు పూర్వమే ముగియవలెను. పరిశీలకబృందమున లిపిజ్ఞుడొకడుండి, గ్రామవృద్ధులను విచారింపవలెను. ప్రతి ప్రాచ్యకళాశాలయు తన చుట్టుపట్ల మండలములలోని శిలలను, దిబ్బలను, పాడుగుడులను సర్వే నంబర్లతో నిప్పుడే పట్టిక వ్రాసి జిల్లా కలెక్టరునకు సమర్పింపవలెను. గీత గీసినపిదప పట్టిక వ్రాయబూనిన, 21 దినములు చాలవు.