ప్రింటవుట్‌కు ఐదు మార్కులు, దాది పాటకు?

మౌలాలి గుట్ట దగ్గర ఒక అద్దె గది. మహబూబాబాద్ వైపు తండా నుంచి పనికొచ్చిన మా బంధువుల కుటుంబం అందులో ఉంటుంది. నిరుడు వాళ్ల పిల్ల పదో తరగతి. తెలుగు ప్రాజెక్టు పని ఇచ్చారు: మీ ప్రాంతంలో పాడుకునే పాటలు సేకరించి రాయండి. పిల్ల నెట్ సెంటర్‌కు పోయి నాలుగు పేజీల బతుకమ్మ పాటలు ప్రింటు తీయించింది. రంగు అట్ట వేసి ఇచ్చింది. ఐదుకు ఐదు మార్కులు. ఆ పేజీలు ఆమె చదవలేదు. సారు కూడా చదివి ఉండరు, అందులో ఒక పేజీ రెండుసార్లు ఉంది.

అదే గదిలో మంచం మీద ఆమె దాది కూర్చొని ఉంది. పెళ్లికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడే ఢావ్లోలు ఆమెకు ఎన్నో వచ్చు. "దాదిని అడగలేదేం?" అన్నాను. "అవి మన భాషలోవి కదా మామా, బళ్లో పనికిరావు" అంది. ఈ మాట ఆమెకు ఫోను నేర్పలేదు. పదేళ్ల చదువు నేర్పింది.

ఫోన్లే పిల్లల్ని పాడుచేశాయి, గుంజుకోండి అనే టీచర్లతో నాకు పేచీ ఉంది. గోర్ బోలికి తరాలుగా నడిచొచ్చిన సొంత లిపి లేదు. రికార్డర్ లిపి అడగదు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర మొదలైనప్పుడు మామూలు ఫోనే సాధనం. గోండులు ఫోన్ చేసి తమ మాట, తమ పాట గోండిలోనే చెప్పారు, మిగతావాళ్లు ఫోన్ చేసి విన్నారు. గిడుగు రామమూర్తి గారికి అదీ లేదు. పర్లాకిమిడిలో సవరలను కూర్చోబెట్టుకొని, విని విని రాసుకొని, 1931లో సవర వ్యాకరణం వెలువరించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం. ఆ పూటే తరగతిలో గోర్ బోలి మాట్లాడిన పిల్లను "తెలుగులో చెప్పు" అని కసురుతాం!

ఇప్పుడు నెట్ సెంటర్ కూడా అక్కర్లేదు. కృత్రిమ మేధను అడిగితే పుస్తక సమీక్ష క్షణంలో రాసిస్తుంది. సరే అని తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి దాదిని పాడమన్నాం. తనకు తెలిసిన తెలుగు మాటలేవో పేర్చింది, ఒక్క ముక్కకూ అర్థం లేదు. దాది పడీపడీ నవ్వింది. కాపీ కొట్టడానికి వీల్లేని ప్రాజెక్టు మన ఇళ్లలోనే ఉందన్నమాట.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, ఓపిక కావాలి. ముందు అనుమతి అడగాలి. ఏడుపు పాట అందరికీ వినిపించడం ఆ ముసలమ్మకు ఇష్టం లేకపోతే అక్కడితో ఆపాలి. రికార్డు మొదట్లో పాడేది ఎవరు, ఏ తండా, ఏ సందర్భంలో పాడతారో ఆమె నోటనే చెప్పించాలి. తర్వాత ఆపి ఆపి వింటూ తెలుగు లిపిలో పాటను ఉన్నదున్నట్టు రాయాలి, కింద తెలుగు అర్థం. తెలుగులో మాట దొరకని చోట ఖాళీ వదిలి, దాదిని మళ్లీ అడగాలి. అసలైన చదువు ఆ ఖాళీల దగ్గరే జరుగుతుంది. పిల్లకు ఫోను లేకపోతే టీచర్ ఫోను ఒక్కటి తరగతికంతా సరిపోతుంది.

ఆ తర్వాత రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో' చేతికివ్వండి. దానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆ పేరు తన దాది పాటదని తెలిసిన పిల్ల అట్ట తిప్పకుండా ఉంటుందా?

"భాష రాదు, మార్కులెలా వేయాలి?" అని ఒక సారు అడిగారు. ఒక ఆదివారం మౌలాలి రండి సార్. దాది పాడుతుంది, పిల్ల మీకు అర్థం చెబుతుంది, మీరు రాసుకోండి.