తప్పెవరిదో తేల్చిన చెక్కు

మా అక్క కొడుకు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి వారం ఫోన్ చేసి, "పిన్నీ, నా కారును గుద్దిన కేసులో నాలుగు వందల డాలర్ల చెక్కు వచ్చింది" అన్నాడు. "ఇదేదో బాగానే ఉందిరా!" అన్నాను. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు కదా, అందుకే మీకూ చెబుతున్నాను.

ఏడాది కిందట వాడు ఆఫీసుకు వెళ్తుంటే, షాపుల పార్కింగ్‌లోంచి రోడ్డు మీదికొచ్చిన ఓ కారు వాడి కారు తలుపును గుద్దింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ కారాయన దిగి, "మూడు వందల డాలర్లు ఇచ్చేస్తాను. ఇక బాకీ లేదని రాసి సంతకం పెట్టు, బీమా వాళ్లదాకా ఎందుకు?" అన్నాడట. ప్రీమియం పెరుగుతుందన్న భయంతో మావాడు పెన్ను కూడా తీశాడు. మళ్లీ ఎందుకో ఆగి, తన బీమా కంపెనీకి ఫోన్ చేశాడు. "సంతకం మాత్రం పెట్టకండి. ఫొటోలు తీయండి, చూసినవాళ్ల నంబరు తీసుకోండి" అన్నారు. బస్టాపులో ఉన్న ఓ పెద్దావిడ తన నంబరిచ్చింది.

రిపేరుకు 4,800 డాలర్లయింది. అందులో మొదటి 500 వాడు పెట్టుకోవాలి. దాన్ని డిడక్టిబుల్ అంటారు. మిగతా 4,300 కంపెనీ ఇచ్చింది. కారు బాగై ఇంటికొచ్చింది, మావాడు ఆ సంగతే మర్చిపోయాడు. కంపెనీ మర్చిపోలేదు.

మన ఊళ్లలో అప్పుకు హామీ ఉన్నవాడు, బాకీదారు కట్టకపోతే ముందు తను కట్టేస్తాడు. తర్వాత ఆ బాకీదారు దగ్గర వసూలు చేసుకుంటాడు. అప్పిచ్చినవాడి హక్కు అతనికి వస్తుంది. బీమాలో జరిగేదీ ఇదే. నష్టం మనకు కట్టిన కంపెనీకి, నష్టం చేసినవాడిని అడిగే మన హక్కు వెళ్తుంది. దీని పేరు సబ్రోగేషన్. కాలిఫోర్నియా నిబంధనల ప్రకారం, కంపెనీ తన డబ్బు అడిగేటప్పుడు మన డిడక్టిబుల్‌ను కూడా కలిపి అడగాలి.

అవతలి కంపెనీ ఒప్పుకోలేదు. "మీవాడే వేగంగా వచ్చాడు" అంది. ఇలాంటి తగాదాలకు కోర్టుకెక్కితే, వచ్చేదానికంటే లాయర్ల ఖర్చే ఎక్కువవుతుంది. అందుకే అక్కడ ఆర్బిట్రేషన్ ఫోరమ్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 1943 నుంచి పనిచేస్తోంది. రెండు కంపెనీలూ అందులో సభ్యులైతే, లక్ష డాలర్లలోపు వాహన నష్టం తగాదాలు అక్కడే తేల్చుకోవాలి. ఈ గొడవతో సంబంధం లేని అనుభవజ్ఞుడు ఇరువైపుల కాగితాలు, ఫొటోలు, సాక్షుల మాటలు చూసి తీర్పు చెబుతాడు. మావాడు వెళ్లాల్సిన పనే పడలేదు. వాడు తీసిన ఫొటోలూ ఆ పెద్దావిడ మాటా వెళ్లాయి.

తీర్పులో తప్పు అవతలివారిది 80 శాతం, మావాడిది 20 శాతం అని తేలింది. 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి అక్కడ ఎవరి తప్పు ఎంతో అంత మేరకే భారం. అలా 4,800లో 3,840 డాలర్లు వచ్చాయి. కంపెనీకి 3,440, మావాడికి 400. ప్రీమియం భయమూ తీరింది. అక్కడ తప్పులో కనీసం 51 శాతం వాటా ఉంటేనే ప్రమాదాన్ని ఆ డ్రైవర్ ఖాతాలో వేస్తారు.

ఆ రోజు సంతకం పెట్టి ఉంటే? వాడి హక్కుతోపాటు కంపెనీ హక్కూ పోయేది. మూడు వందలు చేతికొచ్చి, 4,800 డాలర్ల బిల్లు నెత్తిన పడేది.

మన దేశంలో కథ వేరు. ఇక్కడ బీమా కంపెనీలు చాలావరకు 'నాక్ ఫర్ నాక్' పద్ధతిలో, ఎవరి బండి ఖర్చు వారే పెట్టుకుని ఊరుకుంటాయి. తప్పు మనది కాకపోయినా, సొంత పాలసీ మీద క్లెయిమ్ చేస్తే మామూలుగా నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయినా ఫొటో, సాక్షి, పెట్టని సంతకం... ఈ మూడూ ఏ దేశంలోనైనా మనల్ని కాచేవే.

ఈ ఆదివారం పిల్లలు ఫోన్ చేస్తే, "అన్నం తిన్నావా" అని అడిగాక, ఈ మాట కూడా ఓసారి చెవిన వేయండి.