వారాంతపు సరదాకు పాత మియాటా చాలు

అమెరికాలో ఉద్యోగం కుదురుకుని, ఇంటి అవసరాలకు పెద్ద ఎస్‌యూవీ ఒకటి అమరాక, శని ఆదివారాల్లో సరదాగా నడుపుకోవడానికి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కూడా ఉంటే బాగుండునని కొందరు తెలుగువాళ్లకు అనిపిస్తుంది. ఆ కోరిక పుట్టగానే చూపు రెండు వైపులకు పోతుంది. ఒకటి, నెలవారీ వాయిదాల మీద దొరికే మూడు నాలుగు వందల హార్స్‌పవర్ కొత్త కారు. రెండోది, ఒకప్పుడు చాలా ఖరీదై, వయసు మీద పడి ఇప్పుడు చవకగా దొరుకుతున్న జర్మన్ కారు. ఈ రెండింటికన్నా తెలివైన దారి ఉంది. అది బాగా చూసుకున్న సెకండ్ హ్యాండ్ మాజ్దా ఎంఎక్స్-5 మియాటా. వారాంతపు కారులో ఆనందమంతా దాని తేలికదనంలో ఉంటుంది. దాని మీద పెట్టే ఖర్చేమో పాత యజమాని దాన్ని ఎలా చూసుకున్నాడనే దాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండు కొలతలకూ నిలిచే కార్లలో మియాటాది ముందువరుస.

దాని పుట్టుకలోనే ఇందుకు తొలి సాక్ష్యం దొరుకుతుంది. ఎంజీ, ట్రయంఫ్, లోటస్ వంటి బ్రిటిష్ కంపెనీలు ఒకప్పుడు పైకప్పు మడిచేసుకునే చిన్న రెండు సీట్ల కార్లు చేసేవి. నడపడానికి అవి హాయిగా ఉండేవి కానీ ఆయిల్ కారడం, వైరింగ్ మొరాయించడం వాటికి మామూలు. 1980లో ఎంజీబీ తయారీ ఆగిపోయేనాటికి ఆ తరహా కార్లు దాదాపు కనుమరుగయ్యాయి. అలాంటి కారును మళ్లీ చేయమని మాజ్దా ఇంజినీర్ల పెద్ద కెనిచీ యమమోటోకు 1970ల చివర్లో సూచించినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు. తర్వాత ఆయన ఆ కంపెనీలోనే చేరాడు. తొషిహికో హిరాయ్ ఆధ్వర్యంలో తయారైన కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. 1.6 లీటర్ల ఇంజన్, 116 హార్స్‌పవర్, ఇంచుమించు 960 కిలోల బరువు, 13,800 డాలర్ల ధర. మన రోడ్ల మీద తిరిగే ఇప్పటి మారుతి స్విఫ్ట్ బరువు కూడా దాదాపు అంతే. నాలుగు తరాలు మారినా, ఎయిర్‌బ్యాగులూ భద్రతా పరికరాలూ ఎన్నో చేరినా, 2015లో వచ్చిన నాలుగో తరం కారు బరువు 1,060 కిలోల దరిదాపుల్లోనే ఆగింది. 2016లో పది లక్షలవ మియాటా తయారైంది. పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో మరేదీ ఇన్ని అమ్ముడుపోలేదు.

తేలికదనానికి ఇంత విలువ ఎందుకంటే, మనం నడిపేది రేస్ ట్రాక్ మీద కాదు, చట్టం ఉన్న రోడ్డు మీద. అమెరికా రాష్ట్రాల్లో ఎక్కువచోట్ల హైవే వేగ పరిమితి గంటకు 65 నుంచి 75 మైళ్లు, కొండదారుల్లో అంతకన్నా బాగా తక్కువ. నాలుగు వందల హార్స్‌పవర్ కారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే నాలుగైదు సెకన్లలో ఆ పరిమితి దగ్గరికి చేరుకుంటాం. ఆ తర్వాత కారు సామర్థ్యంలో అధికభాగం నిద్రపోవాల్సిందే, లేదా చట్టం తప్పాల్సిందే. తొలితరం మియాటాలో రెండో గేరును చివరిదాకా లాగినా వేగం 60 మైళ్ల లోపే ఉంటుంది. అంటే ఇంజన్ శక్తినంతా వాడుకుంటూ, ఏ మలుపుకు ముందు ఎంత బ్రేక్ వేయాలో, ఏ గేరులోకి దిగాలో చూసుకుంటూ చట్టం లోపలే నడపవచ్చు. ఇంజన్ ముందు ఇరుసుకు వెనుకగా కూర్చుని, బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పడి, వెనుక చక్రాలు కారును నెడుతుంటే చేసిన ప్రతి పనికీ ఫలితం చేతికి తెలుస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డ్రైవింగ్ నేర్చుకుని వెళ్లినవాళ్లకు ఇందులో అదనపు లాభం ఉంది. ఆటోమేటిక్ కార్ల దేశంలో వాడక మరుగున పడ్డ క్లచ్, గేర్ల విద్య మళ్లీ పనికొస్తుంది. గేరు రాడ్ కుడిచేతికి మారుతుంది, అంతే.

కొత్తదే కొనొచ్చు కదా అనవచ్చు. కొత్త మియాటా ధర 30 వేల డాలర్ల దరిదాపుల్లో మొదలవుతుంది. ఏ కొత్త కారైనా మొదటి కొన్నేళ్లలోనే విలువ ఎక్కువగా కోల్పోతుంది. వారానికి ఒకరోజు బయటికి తీసే కారు కోసం ఆ నష్టాన్ని నెత్తినేసుకోవడంలో అర్థం లేదు. ఇక చవకగా కనిపించే ఖరీదైన కార్ల సంగతి. మొదటితరం పోర్షే బాక్స్‌టర్ నడపడానికి గొప్ప కారే. కానీ దాని ఇంజన్‌లోని ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ విరిగితే ఇంజనే పోవచ్చు, ఆ రిపేరు బిల్లు కారు ధరను మించిపోవచ్చు. కారు ధర పడిపోయినంత మాత్రాన దాని విడిభాగాల ధర, మెకానిక్ కూలి పడిపోవు. 2009లో తయారీ ఆగిన హోండా ఎస్2000 నమ్మకమైనదే అయినా, దాన్ని దాచుకునేవాళ్ల పోటీ వల్ల ధర చుక్కలనంటుతోంది. లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన మియాటాకు విడిభాగాలు పుష్కలం, ఇంజన్ సాదా నాలుగు సిలిండర్లది, పని తెలిసిన మెకానిక్ దొరకడం కష్టం కాదు.

అలాగని కనిపించిన మొదటి మియాటాను కొనేయమని కాదు. అమ్మకానికి పెట్టిన ఫొటోల్లో కనిపించనిది తుప్పు. గుడ్డ పైకప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనక సన్నని గొట్టాల గుండా కిందికి పోవాలి. అవి ఆకులతో మూసుకుపోతే నీరు తలుపుల కింద ఉండే బాడీ అంచుల్లోకి చేరి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. అందుకే వెనుక చక్రాలకు ముందున్న భాగాన్ని చేత్తో నొక్కి చూడాలి. రెండో తరం కార్లలో ముందు ఛాసిస్ రెయిల్స్‌ను కింది నుంచి లైటు వేసి చూడాలి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో కార్లకన్నా కాలిఫోర్నియా, అరిజోనా కార్లు ఈ విషయంలో మేలు. మొదటి రెండు తరాల్లో 60 వేల మైళ్లకోసారి టైమింగ్ బెల్ట్ మార్చాలి, మార్చినట్టు బిల్లు అడగాలి. 1990, 91 నాటి కొన్ని ఇంజన్లలో క్రాంక్‌షాఫ్ట్ ముందుకొన దగ్గర, నాలుగో తరం తొలి ఏళ్ల కార్లలో గేర్‌బాక్సులో ఇబ్బందులు వచ్చాయి. టైరు మీది కోడ్‌లో చివరి నాలుగంకెలు అది తయారైన వారాన్నీ ఏడాదినీ చెబుతాయి. తక్కువ తిరిగే కారులో టైరు అరగకముందే ముసలిదవుతుంది. ఓడోమీటర్‌లో తక్కువ అంకె చూసి మురిసిపోవడం కూడా పొరపాటే. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న కారులో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఎండిపోతాయి. లక్ష మైళ్లు తిరిగి, బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకున్న కారే దానికన్నా నయం. బాగా దెబ్బతిన్నదని కాగితాల్లో ముద్రపడ్డ, అంటే సాల్వేజ్ టైటిల్ ఉన్న కారు జోలికి పోకూడదు. అమ్మేవాడితో సంబంధం లేని మెకానిక్ చేత చూపించకుండా డబ్బు చేతికివ్వకూడదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరం భద్రత గురించి. అది న్యాయమైనదే. తేలికైన కారూ బరువైన పికప్ ట్రక్కూ గుద్దుకుంటే ఎక్కువ దెబ్బ తేలికైనదానికే తగులుతుందన్నది భౌతికశాస్త్రం, దాన్ని ఏ ప్రచారమూ మార్చలేదు. దీనికి సమాధానం కారును ఎంచుకోవడంలో, దాన్ని వాడే తీరులో ఉంది. అదుపు తప్పే కారును సరిచేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ 2012 మోడల్ నుంచి అమెరికాలో చట్టరీత్యా తప్పనిసరి. హైవే మీద తరచూ వెళ్లాల్సినవాళ్లు అప్పటినుంచి వచ్చిన కార్లనే కొనాలి. తొలితరం కారు కొన్నవాళ్లు దాన్ని పొద్దుటిపూట రద్దీలేని దారులకే పరిమితం చేయాలి. చంటిపిల్లల విషయంలో రాజీ ఉండకూడదు. పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు పెట్టడం ప్రాణాంతకం, ఈ కారులో వెనక సీటు లేనే లేదు.

రెండు సీట్ల కారు కుటుంబాన్ని వదిలేసి తిరిగే స్వార్థమనీ, దుబారా అనీ మరికొందరంటారు. ఇంట్లో అదొక్కటే కారయితే ఆ మాట నిజమే, అప్పుడు కొనకూడదు. అప్పు చేసి కొనకూడదు. కానీ ఇంటి అవసరాలకు వేరే కారు ఉండి, చేతిలో ఉన్న డబ్బుతో కొంటే, దీని మీద పోయేది ఇన్సూరెన్సు, టైర్లు, ఆయిలు, అప్పుడప్పుడు ఓ రిపేరు. విలువ తగ్గడం ఎక్కువభాగం ఇంతకుముందు యజమాని చేతిలోనే జరిగిపోయింది కనుక, బాగా చూసుకుంటే అమ్మేటప్పుడు పెట్టినదాంట్లో చాలావరకు తిరిగొస్తుంది. స్వదేశానికి రావాలనుకునేవాళ్లు మాత్రం ఒకటి తెలుసుకోవాలి. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ కార్లనూ, ఎడమవైపు స్టీరింగ్ ఉన్నవాటినీ మన దిగుమతి నిబంధనలు సాధారణంగా ఒప్పుకోవు. ప్రయాణం ఖాయమైతే ముందే అమ్ముకోవాలి.

ఒక సరదాకు ఎంత ఖర్చవుతుందో ముందే లెక్క వేసుకుని, ఆ లెక్కలో ఉండి, నేర్చుకునేది ఏదైనా మిగిలితే అది మంచి సరదా. పెద్ద ఇంజన్ కొత్త కారులో ఖర్చు ఎక్కువ, నేర్చుకునే అవకాశం తక్కువ. చవకగా దొరికిన ఖరీదైన కారులో ఖర్చుకు హద్దే తెలియదు. కాగితాలు సరిగ్గా ఉండి, తుప్పు లేని పాత మియాటాలో ఖర్చు ముందే తెలుస్తుంది, డ్రైవింగ్ ప్రతి వారం కాస్త మెరుగవుతుంది. కొనాలనుకునేవాళ్లు రంగు, హార్స్‌పవర్ చూసేముందు పాత యజమానిని సర్వీసు బిల్లులు అడగాలి. అవి చూపించలేనివాడి కారు ఎంత మెరిసినా వెనక్కి తిరిగి రావాలి.