పెరటి ముచ్చట్లు: మా ఇంటి బకాసురుడు

పోయిన సంచికలో కరివేపాకు మొక్కను చలికాలంలో ఎలా కాపాడుకోవాలో రాశాను కదా. దానికి వచ్చిన ఉత్తరాల్లో ముగ్గురు ఒకే ప్రశ్న అడిగారు. "రాత్రిపూట మా పెరట్లోకి ముళ్ళపంది పిల్లలాంటిది ఒకటి వస్తోంది. పిల్లలు దానికి ఏదైనా పెడదామని గొడవ చేస్తున్నారు. ఏం పెట్టమంటారు?" అని. దీనికి జవాబు నాకు తెలుసు. కానీ అది నాకు ఊరికే తెలియలేదు, ఒక తప్పు చేశాక తెలిసింది. అందుకని ముందు ఆ తప్పు సంగతి చెబుతాను, జవాబు ఆ తర్వాత.

ముందుగా పేరు. ఇక్కడివాళ్ళు హెడ్జ్‌హాగ్ అంటారు. ఇది మన ముళ్ళపంది కాదండీ. మన ఊళ్ళలో చేలమీద పడి దుంపలూ వేరుశనక్కాయలూ తవ్వుకు తినే ముళ్ళపంది ఎలుక జాతిది, మనిషి మోకాలి ఎత్తు ఉంటుంది. ఇది దోసిట్లో పట్టేంత ప్రాణి. పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు దీని తిండి. భయం వేస్తే ముళ్ళబంతిలా చుట్టుకుపోతుంది. దీని దాయాది మన దక్షిణాదిలోనూ ఉంది. 1851లో హార్స్‌ఫీల్డ్ అనే ఆయన మద్రాసు నుంచి వచ్చిన దాన్ని చూసి దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. తమిళులు దాన్ని ముళ్ళెలి అంటారు. మనమూ ముళ్ళెలుక అనుకుందాం, నిజానికి ఎలుక కాకపోయినా.

ఇక మా అమ్మ సంగతికి వస్తాను. మాది కైవారం. చింతామణి పక్కన. నా చిన్నప్పుడు కోలారు జిల్లా, 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, సాయంత్రం కైవారం తాతయ్యగారి తత్త్వాలు. అలా పెరిగినవాళ్ళం. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం మా ఊరేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది మా కొండ దగ్గరేననీ మావాళ్ళ నమ్మకం. అమ్మ పోయిన మే నెలలో ఆరు నెలల వీసా మీద రెడింగ్‌లో మా ఇంటికి వచ్చింది. వచ్చిన వారానికే, రాత్రి తొమ్మిదిన్నరకు, కంచె కింద సందులోంచి ముళ్ళెలుక బుసబుసమంటూ రావడం చూసింది.

"అయ్యో, ఎంత ఆకలితో ఉండాదో!" అని లోపలికి పరిగెత్తి, పళ్ళెంలో పాలు పోసి, అందులో బ్రెడ్డు ముక్కలు నానేసి పెట్టింది. క్షణంలో పళ్ళెం ఖాళీ. "మా ఊరి బకాసురుడే ఇక్కడ పుట్టినాడు!" అని మురిసిపోయింది. మా చిన్నవాడికి ఆ పేరు భలే నచ్చింది. ఆ రోజు నుంచి రోజూ రాత్రి అవ్వా మనవడూ పళ్ళెం పట్టుకుని కాపలా కాయడమే. వాడికి తెలుగు మాటలు రావడం లేదని ఏళ్ళ తరబడి బాధపడ్డదాన్ని, ఆ పది రాత్రుల్లో వాడు అవ్వ దగ్గర నేర్చుకున్న మాటలు చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను. పాలు మంచివా చెడ్డవా అన్న ఆలోచనే నాకు రాలేదు.

పదకొండో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకు, మండుటెండలో, గడ్డి మధ్యలో పడుకుని కనిపించింది మా బకాసురుడు. చుట్టూ ఆకుపచ్చ విరేచనాలు. ముట్టుకున్నా గట్టిగా చుట్టుకోలేకపోయింది. పక్కింటి పెద్దావిడ గోడమీంచి చూసి, "పగటిపూట అలా ఆరుబయట పడి ఉందంటే ఏదో బాగాలేదన్నమాట" అని చెప్పి, ముళ్ళెలుకలకు వైద్యం చేసే ఒకావిడ ఫోను నంబరు ఇచ్చింది. తోట చేతితొడుగులు వేసుకుని, ఎత్తైన అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, దాన్ని అందులో పెట్టి, తువ్వాలు చుట్టిన గోరువెచ్చని నీళ్ళసీసా ఒక పక్కన ఉంచి, కారులో తీసుకెళ్ళాం. దారిపొడుగునా మావాడు మాట్లాడలేదు. అమ్మ కళ్ళు మూసుకుని నారాయణ స్మరణ చేస్తూ కూర్చుంది.

ఆవిడ పెట్టె తెరిచి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "పాలు పెట్టారా?" అని. నేను తలవంచుకున్నాను. పిల్లదశ దాటాక ముళ్ళెలుకలకు పాలలోని చక్కెర అరగదట. తాగడానికి ఆబగా తాగుతాయి, తర్వాత విరేచనాలై ఒంట్లో నీరంతా పోతుంది. బ్రెడ్డు కడుపు నింపుతుందే తప్ప బలం ఇవ్వదు. "కేవలం పాల వల్లే ఇలా అయిందని నేను చెప్పలేను, కడుపులో పురుగులు కూడా ఉండి ఉండొచ్చు. కానీ పాలు మేలు మాత్రం చెయ్యలేదు" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

ఇంటికొచ్చాక అమ్మకు తెలుగులో అంతా చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "నాగుల చవితికి పుట్టలో పాముకే పాలు పోస్తామే, దీనికి పోస్తే యాల తప్పయింది పాపా?" అంది. పాములు కూడా పాలు తాగవమ్మా, దప్పికతో మాడినవి ఏ ద్రవమైనా తాగుతాయంతే, అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి ఊరుకున్నాను. రెండు రోజులు అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. అంతకంటే నన్ను కలవరపెట్టింది మరొకటి. ఆవిడ చెప్పిన సరైన తిండి ఏమిటంటే, పిల్లులకో కుక్కలకో అమ్మే మాంసం డబ్బా! మా అమ్మ కోడిగుడ్డు కూడా ముట్టదు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలో తెలియక దాచాను. మావాడు దాస్తాడా? చెప్పేశాడు.

మూడో రోజు పొద్దున అమ్మే నా దగ్గరికొచ్చి కూర్చుంది. "పట్టుపురుగుల్ని మేపినామే, మర్చిపోయినావా?" అంది.

ఎలా మర్చిపోతాను? శిడ్లఘట్ట, చింతామణి ప్రాంతంలో రేషం పని చెయ్యని ఇల్లు అరుదు. మా నడవంతా పురుగుల తట్టలే ఉండేవి. గుడ్డులోంచి వచ్చిన పురుగులకు లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి వెయ్యాలి. పెద్దయ్యాక ముదురాకు. నాలుగు జ్వరాలు, అంటే నాలుగుసార్లు కుబుసం విడవడం. జ్వరంలో ఉన్నప్పుడు ఆకు వెయ్యకూడదు. తడి ఆకు వేస్తే రోగం. ఒక ఏడాది పక్క టమాటా చేనులో కొట్టిన మందు గాలికి మా మల్బరీ మీద పడింది. తెలియక ఆ ఆకు వేశాం. తెల్లారేసరికి తట్టలన్నీ కదలకుండా అయిపోయాయి. ఆ పంట డబ్బుతో కట్టాల్సిన నా కాలేజీ ఫీజుకు అమ్మ చేతిగాజులు కుదువపెట్టింది.

"ఆ పురుగుకు మనం తినే ముద్ద పెట్టినామా? పాయసం పెట్టినామా? దాని కడుపుకేమి కావల్లో అదే పెట్టినాము. అంత తెలిసినదాన్ని, ఇక్కడికొచ్చి నా మనసుకు బాగుండేది పెట్టినాను. ఆ డబ్బా తెప్పించు. వంటింట్లోకి మాత్రం తేవద్దు" అంది అమ్మ.

అలా ఆ డబ్బా మా తోట గదిలోకి వచ్చింది. దానికి వేరే చెంచా, వేరే గిన్నె. వడ్డన మనవడిది, కాపలా అవ్వది.

బకాసురుడు పదహారు రోజులు వైద్యం చేయించుకుని, బరువు పెరిగి, మా పెరట్లోనే మళ్ళీ దిగాడు. వదిలిన చోటి నుంచి తిన్నగా కంచె సందు వైపు నడిచాడు, మమ్మల్ని వెనక్కి తిరిగి చూడకుండా. అమ్మ నవ్వింది.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. పిల్లలకు చదివి వినిపించండి.

అన్నిటికంటే ముందు నీళ్ళు. లోతులేని బరువైన గిన్నెలో ఏడాది పొడుగునా ఉంచండి. ఎండాకాలంలో ఇదొక్కటే చాలా ప్రాణాలు కాపాడుతుంది. తిండి పెట్టదలిస్తే పిల్లి లేక కుక్క మాంసాహారపు డబ్బా కానీ, పిల్లి బిస్కెట్లు కానీ, ముళ్ళెలుకల కోసమే అమ్మే గింజల తిండి కానీ ఒక చిన్న గిన్నెడు పెట్టండి. అది చిరుతిండే, దాని అసలు భోజనం పెరట్లోని పురుగులే. చీకటి పడ్డాక పెట్టి పొద్దున్నే తీసేయండి. గిన్నెలు రోజూ కడగండి, మన గిన్నెలతో కలపకండి, కడిగాక చేతులు కడుక్కోండి. పిల్లులు తినేస్తుంటే, బోర్లించిన ప్లాస్టిక్ పెట్టెకు 13 సెంటీమీటర్ల చదరపు ద్వారం కోసి, అంచులకు టేపు అంటించి, గిన్నెను లోపల దూరంగా పెట్టండి.

పెట్టకూడనివి: పాలు, బ్రెడ్డు, మన మిక్చరు, పులిహోర, పచ్చళ్ళు, మిఠాయిలు. ఉప్పూ కారం చక్కెరా దానికి పనికిరావు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: పక్షుల కోసం అమ్మే ఎండు పురుగులు, వేరుశనగలు, పొద్దుతిరుగుడు పప్పు కూడా వద్దు. వాటిలో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. అవి బాగా రుచిస్తాయి కాబట్టి మిగతావి మానేసి అవే తింటుంది, క్రమంగా ఎముకలు మెత్తబడి నడవలేని స్థితి వస్తుంది.

మాంసం డబ్బా ఇంటికి తేవడం ఇష్టం లేని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. మీరేమీ నొచ్చుకోకండి. నీళ్ళు పెట్టండి, పెరటిని కాస్త బద్ధకంగా ఉంచండి. ఒక మూల రాలిన ఆకులు, పుచ్చిన కట్టెలు పోగుచేసి వదిలేస్తే పురుగులు వాటంతట అవే వస్తాయి. పురుగులమందు కొట్టకండి. నత్తలను చంపే మెటల్డిహైడ్ గుళికలను ఈ దేశంలో 2022 మార్చి చివర్నుంచి ఆరుబయట వాడకూడదన్నారు. పాత డబ్బా ఏదైనా గదిలో మిగిలి ఉంటే వాడకండి, చెత్తబుట్టలోనూ వెయ్యకండి, మీ కౌన్సిల్‌వారిని అడిగి అప్పజెప్పండి. కంచె అడుగున 13 సెంటీమీటర్ల సందు ఒకటి తీయండి, పక్కింటివాళ్ళనూ తీయమనండి. ఒక్క రాత్రిలో కిలోమీటరుకు పైగా తిరిగే ప్రాణి అది, ఒక్క పెరడు దానికి చాలదు. బ్రిటన్‌లో వీటి సంఖ్య ఎంత తగ్గిపోయిందంటే, 2020లో వీటిని ముప్పులో ఉన్న జంతువుల పట్టికలో చేర్చారు.

ఇది దీపావళి సంచిక కాబట్టి ఇంకో మాట. నవంబరు 5న మంటలు వేసేవాళ్ళు, ముందే పేర్చిన కట్టెలకు నిప్పంటించకండి. ఆ రోజే వేరేచోటికి మార్చి పేర్చండి. చలికి నిద్రపోదామని అవి ఆ కుప్పల్లోనే దూరతాయి. మార్చి దాకా సాగే ఆ నిద్రకు కొవ్వు కూడబెట్టుకునే రోజులివి. ఇప్పుడు పగటిపూట తిరుగాడే చిన్నది కనిపిస్తే, నేను చేసినట్టు పెట్టెలో పెట్టి, దగ్గర్లోని సంరక్షకులకు ఫోన్ చేయండి. 1982 నుంచి పనిచేస్తున్న బ్రిటిష్ హెడ్జ్‌హాగ్ ప్రిజర్వేషన్ సొసైటీవారు మీ ప్రాంతంలో ఎవరున్నారో చెబుతారు. మీ అంతట మీరు వైద్యం చేయకండి.

అమ్మ పోయిన నెల కైవారం వెళ్ళిపోయింది. ఆదివారం ఫోన్ చేస్తే మొదట అడిగేది, "బకాసురుడు వచ్చినాడా? నీళ్ళు పెట్టినారా?" అని. నా ఆరోగ్యం సంగతి ఆ తర్వాతే. జవాబు చెప్పేది మాత్రం నేను కాదు, మా చిన్నవాడు. తెలుగులో, అదీ మా కైవారం యాసలో!

మీ పెరటి అతిథుల సంగతులు రాయండి. వచ్చే సంచికలో కుండీలో గోంగూర గురించి ముచ్చటించుకుందాం. అందరికీ దీపావళి శుభాకాంక్షలు.