మన యింటి మాట: మొర్దెకై రోజూ నడిచాడు



పెద్ద చదువులకు వెళ్ళిన మన పిల్లల ఆత్మీయ జీవితమును గురించి వ్రాయాలని చాలా నెలలుగా అనుకొంటున్నాను. కలము పట్టుకొన్నప్పుడల్లా సంకోచము కలుగుతున్నది. ఎందుకంటే, ఈ విషయములో ఎవరికైనా బుద్ధి చెప్పే ముందు నా తప్పు ఒకటి నేను ఒప్పుకోవాలి.

నాలుగేళ్ళ క్రిందట వానాకాలములో మా మామిడికుదురు సెంటరులో రాజమండ్రి వెళ్ళే బస్సు కోసము నిలబడి ఉన్నాము. మా సంఘములో ఒక కుటుంబము తమ పెద్దమ్మాయిని ఎమ్మెస్సీ చదువుకు విశాఖపట్టణము పంపుతున్నది. తండ్రి కొబ్బరి దింపు తీస్తాడు. తల్లి కూలి పనికి వెళుతుంది. ఆ యింటిలో అంత చదువు చదివినవారు అంతకుముందు లేరు. ఆ ముందు ఆదివారము సంఘమంతా లేచి నిలబడి ఆ పిల్ల కోసము ప్రార్థన చేశాము. స్త్రీల కూటమువారు ఒక దుప్పటి, ఒక కొత్త బైబిలు ఇచ్చారు.

బస్సు వచ్చేలోగా తల్లి నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టారండీ, హాస్టల్లో ఎవరన్నా మీరేమిటని అడిగితే పిల్ల ఏం చెప్పాలండి?" అన్నది. ఆమె అడిగినది సర్టిఫికెట్టును గురించి అని నాకు తెలుసు. నేను ఒక్క నిమిషము కూడ ఆలోచించలేదు. "ఏమీ చెప్పొద్దమ్మా. బైబిలు పెట్టె అడుగున పెట్టుకోమను. ముందు చదువు కానియ్యి" అన్నాను. ఆ తల్లి అక్కడే పెట్టె తెరచి, పైన ఉన్న బైబిలును తీసి, బట్టల క్రిందికి తోసి మూత వేసింది. ఆ పని ఆమె చేతులు చేసినా, చేయించినది నా మాట. బస్సు బోడసకుర్రు వంతెన వైపు వెళ్ళిపోయింది.

ఈ భయము బయటివారికి వింతగా ఉండవచ్చును గాని, మన సంఘములలో అనేకులకు వివరించి చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితము చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులాలకు 15 శాతము రిజర్వేషను ఉండగా, వారిలోనుండి క్రైస్తవులైనవారిని బి.సి.-సి గుంపులో ఉంచి 1 శాతము ఇచ్చారు. కూలి చేసుకొనే యింటిలో ఒక సీటు, ఒక స్కాలర్‌షిప్పు, రేపటి ఉద్యోగము ఒక కాగితము మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ తల్లికి విశ్వాసము లేదని ఎవరూ తొందరపడి అనకూడదు.

అబద్ధమును సమర్థించుట నా ఉద్దేశము కాదు. అలాగని, నెలనెలా పింఛను తీసుకొంటూ అరుగు మీద కూర్చునే నావంటివాడు ఆ పిల్లకు ధైర్యమును గురించి ప్రసంగము చేస్తే అదీ న్యాయము కాదు. కాగితము సంగతి ఇన్నేళ్ళుగా కోర్టులలోను ప్రభుత్వములలోను నలుగుతున్నది. నా మనస్సును పొడిచిన ప్రశ్న వేరు. దాచుకోమని చెప్పి పంపిన తరువాత, ఆ పిల్లకు మనమేమి చేశాము?

మేమైతే ఏమీ చేయలేదు. నాలుగు నెలలలో సంఘమునుండి ఒక్కరు కూడ ఆమెకు ఫోను చేయలేదు. ఆదివారము ప్రార్థనలో "చదువుకొంటున్న మా బిడ్డలను దీవించు" అని ఒక్క వాక్యము చెప్పి ముందుకు సాగిపోయాము.

క్రిస్మసుకు ఆమె వచ్చింది. ఆరాధనలో వెనుక వరుసలో కూర్చున్నది. తరువాతి ఆదివారము ప్రభువు బల్ల దగ్గరకు రాలేదు. ఆ సాయంత్రము మా యింటికి వచ్చి, చదువును గురించి, హాస్టలు భోజనమును గురించి చాలాసేపు మాట్లాడింది. చివరకు తల వంచుకొని, "మాస్టారండీ, మూడు నెలలు నేను బైబిలు తియ్యలేదండి. మొదట్లో భయమండి. తర్వాత తియ్యకపోవడమే అలవాటైపోయిందండి" అన్నది.

ఒక రాత్రి ఆమె బట్టలు ఉతుకుకొంటూ మన సండేస్కూలు పాట ఒకటి కూనిరాగము తీసిందట. ప్రక్కనున్న సీనియరు అమ్మాయి, "నువ్వు చర్చికి వెళ్తావా?" అని అడిగింది. ఈమె, "లేదక్కా, ఎక్కడో విన్నాను" అన్నది. "గదిలోకెళ్ళి ఏడ్చానండి. నాకు కోడి కూసినట్టే అయ్యిందండి" అని చెప్పింది. ఆ సీనియరు మరేమీ అడగలేదు. రెండు వారములు పోయిన తరువాత, "శనివారం సాయంత్రం మేము కొంతమందిమి కూర్చుని మార్కు సువార్త చదువుకుంటాం. రావాలనిపిస్తే రా" అని మాత్రము చెప్పింది. ఈమె వెళ్ళింది. అక్కడ ఆరుగురు ఉన్నారు. వారిలో ఇద్దరు క్రైస్తవ కుటుంబములలో పుట్టినవారు కారు.

"వాళ్ళు నన్ను ఏ సంఘమని అడగలేదండి, ఏ కులమని అడగలేదండి. ఈ వచనం నీకేం చెప్తుంది అని అడిగారండి. ఆ మాట నన్నింతవరకు ఎవరూ అడగలేదండి" అన్నది.

నేను ముప్పయి ఏళ్ళు సండేస్కూలు నడిపాను. ఆ పిల్ల కంఠస్థ వచనముల పోటీలో మూడుసార్లు బహుమతి తెచ్చుకొన్నది. వచనము అప్పజెప్పించుకొన్నాను గాని, అది నీకేమి చెప్పుచున్నదని ఒక్కసారి కూడ అడగలేదు. బస్సు దగ్గర చెప్పిన మాట కూడ నాదే. "నీకంటే ముందు నేను ఒప్పుకోవాలమ్మా" అన్నాను. ఇద్దరమూ, మా యింటామెయు మోకరించాము. తరువాతి నెల ప్రభువు బల్ల నాడు నేను సంఘము ఎదుట నిలబడి నా తప్పు చెప్పుకొన్నాను. ఆమెను గురించి మాత్రము ఏమీ చెప్పలేదు.

ఆ శనివారపు గుంపును ఇ.యు. అంటారు, అనగా ఎవాంజెలికల్ యూనియన్. మన తెలుగు ప్రాంతములలో కాలేజీ చదువులు చదివిన చాలామంది విశ్వాసులకు ఈ రెండు అక్షరములు పరిచయమే. దేశములోని ఇటువంటి విద్యార్థి సహవాసములు 1954లో యు.ఇ.ఎస్.ఐ. అను పేరుతో ఒక్కటైనవి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో జంతుశాస్త్రము బోధించిన ప్రొఫెసరు హెచ్. ఈనోక్ గారు దానికి మొదటి అధ్యక్షులు. పి.టి. చందపిల్ల గారు మొదటి ప్రధాన కార్యదర్శి. అనేక దేశముల విద్యార్థులను కలిపే ఐ.ఎఫ్.ఇ.ఎస్. 1947లో ఏర్పడింది. మనవారు అందులోను భాగస్థులే.

ఈ పరిచర్య నడిచే పద్ధతిని తల్లిదండ్రులు తెలిసికొనుట మంచిది. కాలేజీలోని గుంపును నడిపేది విద్యార్థులే. చిన్న గుంపుగా కూర్చొని వాక్యభాగమును చదువుతారు. ఇక్కడ ఏమి వ్రాయబడినది, దాని అర్థమేమి, నేనేమి చేయాలి అని మూడు మెట్లుగా ఆలోచిస్తారు. ప్రతి ఉదయము ఒంటరిగా ధ్యాన సమయము గడుపుట నేర్చుకొంటారు. సెలవులలో శిబిరములు జరుగుతాయి. చదువు ముగించి ఉద్యోగములలో చేరినవారు ఇ.జి.ఎఫ్. అను పట్టభద్రుల సహవాసముగా కూడి, తమ సంపాదనలోనుండి ఇచ్చి విద్యార్థుల పనిని మోస్తారు. ఇది ఒక సంఘము కాదు, సంఘమునకు బదులుగా వచ్చినదీ కాదు. ఏ శాఖ బిడ్డలైనా కలిసి కూర్చుంటారు, తరువాత తమ తమ సంఘములలో సేవ చేస్తారు.

చిన్న గుంపు అని తేలికగా చూడకండి. 1729లో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీలో చార్లెస్ వెస్లీ కొద్దిమంది స్నేహితులతో ఇలాగే కూడుకొన్నాడు. తరువాత అతని అన్న జాన్ వెస్లీ దానికి నాయకుడయ్యాడు. తోటి విద్యార్థులు వారిని పరిశుద్ధుల క్లబ్బు అని ఎగతాళి చేశారు. మెథడిస్టులు అను పేరు కూడ అటువంటి ఎగతాళిలోనుండి వచ్చినదే. దానియేలు బబులోనులో మూడేళ్ళ చదువుకు ఎంపికైనవాడు. ప్రాణముమీదికి వచ్చినప్పుడు అతడు మొదట ఇంటికి వెళ్ళి ముగ్గురు స్నేహితులతో చెప్పి, ప్రార్థన చేయమన్నాడు (దానియేలు 2:17, 18). పరదేశములో దానియేలుకు ఉన్న సంఘము ఆ ముగ్గురే.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. ఆ క్రిస్మసు తరువాత నేను ఎస్తేరు గ్రంథమును మరల చదివాను. తన జనమును, వంశమును తెలియజేయవద్దని ఎస్తేరుకు చెప్పినవాడు మొర్దెకై (2:10). అక్కడ నాకు నేనే కనబడ్డాను. కాని ఆ క్రింది వచనము నన్ను నిలువరించింది. ఆమె ఎట్లున్నదో, ఆమెకేమి జరుగుచున్నదో తెలిసికొనుటకు మొర్దెకై ప్రతిదినము అంతఃపురపు ఆవరణము ఎదుట తిరుగుతూ వచ్చాడు (2:11). దాచుకోమన్నవాడు ఇంటికి వెళ్ళి నిద్రపోలేదు. ఒక్క నాడు కాదు, రోజూ నడిచాడు.

అంతటితో ఆగలేదు. మాట్లాడవలసిన సమయము వచ్చినప్పుడు, ఇక దాగవద్దని చెప్పినవాడూ ఆయనే (4:8, 13, 14). అప్పుడు ఎస్తేరు ఏమి అడిగినదో గమనించండి. షూషనులోని యూదులందరు కూడి తన కోసము మూడు దినములు ఉపవాసముండాలని అడిగింది (4:16). ధైర్యము ఒక్క పిల్ల మోయవలసిన బరువు అని ఆమె అనుకోలేదు. జనమంతా ఆకలితో ఉండగా ఆమె రాజు ఎదుటకు వెళ్ళింది. ఆ ఉపవాసము లేకుండ మనము మన బిడ్డలను రాజు ఎదుటకు వెళ్ళమంటున్నాము. లేదా, అసలు వెళ్ళవద్దని చెప్పి మరచిపోతున్నాము.

మా సంఘములో తరువాత ఏమి చేశామో చెబుతాను. గొప్ప సంగతేమీ కాదు. బయట చదువుకొంటున్న మా పిల్లలు తొమ్మిదిమంది అని లెక్క తేలింది. వారి పేర్లు ఒక కాగితము మీద వ్రాసి చర్చి తలుపు లోపలివైపు అంటించాము. ఒక్కొక్కరిని రెండేసి కుటుంబములు తీసుకొన్నవి. శనివారము రాత్రి ఫోను చేస్తారు. మార్కులు అడగరు. ఈ వారము ఏమి చదివావు, ఏది కష్టముగా ఉన్నది అని అడుగుతారు. వ్రాయటము రాని ఒక మామ్మ ఫోనులో తన గొంతుతో ప్రార్థన చేసి, మనవడిచేత పంపిస్తుంది. పరీక్షల వారములో స్త్రీల కూటమువారు ఒక పూట ఉపవాసముంటారు. ఒక అబ్బాయి మాత్రము ఇప్పటికీ ఫోను ఎత్తడు. వాడి పేరు తలుపు మీద అలాగే ఉన్నది. ఆ రెండు కుటుంబములు శనివారము శనివారము చేస్తూనే ఉన్నాయి.

"మాకు చదువు లేదు, వాళ్ళతో మేమేం మాట్లాడతామండి" అని కొందరన్నారు. వశిష్ఠ ఆవలి ఒడ్డున నరసాపురములో సువార్త పని మొదలుపెట్టిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ గార్లు 1836లో ఆంటొనీ నారిస్ గ్రోవ్స్ గారితో ఇంగ్లండు విడిచి వచ్చినవారు. వారు యూనివర్సిటీలనుండి రాలేదు, చేతిపని చేసుకొని బ్రతికిన సామాన్యులు. మన డెల్టాలో ఎందరు శిష్యులైనారో మనకు తెలుసు. శిష్యుని చేయుటకు పట్టా కంటే దగ్గరగా నిలబడి ఉండుట అవసరము.

ఒక హెచ్చరిక కూడ చెప్పాలి. బైబిలు స్టడీ అని పిలిచే ప్రతి గుంపు మంచిదని అనుకోవద్దు. చదువు మానుకోమనేవారు, స్కాలర్‌షిప్పు డబ్బు తెమ్మనేవారు, ఇంటితోను సంఘముతోను తెగతెంపులు చేసుకోమనేవారు ఉంటే జాగ్రత్తపడాలి. పిల్లలు ఎవరితో కూర్చుంటున్నారో ప్రేమతో అడిగి తెలిసికోండి. మొదటినుండి ఫోను చేసే అలవాటు ఉంటే, ఈ మాట అడిగినప్పుడు వారికి తప్పు పట్టినట్లు ఉండదు.

విద్యార్థి సహోదరులారా, సహోదరీలారా, మీతో ఒక్క మాట. నీకొదేము రాత్రివేళ వచ్చినప్పుడు ప్రభువు పగలు రమ్మని తలుపు వేయలేదు. భయపడి రహస్యముగా ఉండిన అరిమతయియ యోసేపు కూడ చివరకు పిలాతు దగ్గరకు వెళ్ళి ప్రభువు దేహమును అడిగాడు, నీకొదేము అతనితో ఉన్నాడు (యోహాను 19:38, 39). ఈ రోజు మీరు రాత్రివేళ వచ్చినవారైనా రండి. ఒంటరిగా మాత్రము ఉండకండి. మీ హాస్టలులో ఇద్దరో ముగ్గురో ఉంటారు, వెదకండి.

ఆ అమ్మాయి చదువు ముగించింది. సర్టిఫికెట్టు సంగతిలో ఆమె ఏమి నిర్ణయించుకొన్నదో నాకు తెలుసు గాని వ్రాయను. అది ఆమెకును ప్రభువుకును మధ్య మాట. ఊరికి వచ్చినప్పుడెల్లా నా సండేస్కూలు తరగతిని ఆమె తీసుకొంటుంది. కొబ్బరి చెట్ల క్రింద పిల్లలను గుండ్రముగా కూర్చోబెట్టి, "ఈ వచనం నీకేం చెప్తుంది?" అని ఒక్కొక్కరినీ అడుగుతుంది. నేను కూడ ఆ గుండ్రములో కూర్చుంటాను. నా వంతు వచ్చినప్పుడు జవాబు చెబుతాను.

కుటుంబ ప్రార్థనకు

ఎస్తేరు 2:5-11, 4:13-17 కుటుంబముగా చదవండి.

1. మీ సంఘమునుండి బయట చదువుకొంటున్న ప్రతి విద్యార్థిని పేరుపేరున తలంచుకొని ప్రార్థించండి.
2. కాలేజీలలో, హాస్టళ్ళలో కూడుకొనే చిన్న గుంపుల కోసము, వాటిని నడిపే విద్యార్థుల కోసము ప్రార్థించండి.
3. భయముచేత విశ్వాసమును దాచుకొంటున్న బిడ్డలకు తోడు దొరకాలని, మన సంఘములు వారి బరువును పంచుకోవాలని ప్రార్థించండి.
4. ఫోను ఎత్తని బిడ్డ మీకు తెలిసి ఉంటే, ఈ శనివారము మరల ఒకసారి చేయండి.